ఒంటి బూటు

మొన్న మోకాలికి రాయడానికి మా ఆవిడ స్టవ్ మీద ఆముదం వెచ్చబెడుతుంటే, ఆ వాసనకు రేసు ట్రాకు గుర్తొచ్చింది. స్పీడ్‌వే అనే మోటారు సైకిల్ పందెంలో బండి ఇంజన్లో పోసేది ఆముదంతో చేసిన ఆయిలే. అప్పట్లో కెనడాలోని కాల్గరీలో పగలు పైపులైన్ల కంపెనీలో ఇంజనీరుని, వేసవి శనివారాల్లో ఊరి బయట మట్టి ట్రాకు మీద రైడర్ని. ఆ బండికి బ్రేకులుండవు, గేరు ఒక్కటే. నలుగురం నాలుగు చుట్లు తిరగాలి, అన్నీ ఎడమకే. మలుపులో వెనక చక్రం జారుతుంటే ఎడమ కాలు నేలకు ఆనించి లాక్కుపోవాలి. అందుకే ఆ బూటు మీద చెప్పులాంటి ఉక్కు అడుగు తొడుగుతారు. ఒకరి కొలతకు చేసింది ఇంకొకరికి నప్పదు. మొదట్లో అందరికన్నా వెనక వచ్చేవాణ్ణి. కొన్ని వేసవులకు గెలవడం కూడా అలవాటైంది. తెలుగువాళ్ల పార్టీల్లో మాత్రం నన్నెవరూ రైడర్‌నని పరిచయం చేయలేదు. పైగా డాక్టరైన మా ఆవిడ అన్నగారు, "బండికి బ్రేకుల్లేవు, మా బావకి బుర్ర లేదు" అనేవారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆయన గృహప్రవేశం, ప్రావిన్స్ జట్టు ఎంపిక రేసు ఒకే శనివారం పడ్డాయి. పొద్దున ప్రాక్టీసు చేసుకుని అటునుంచే వెళ్లాను. మట్టీ ఆయిలూ అంటిన ఉక్కు అడుగు కారులో ఉంటే సీట్లు పాడవుతాయని మా ఆవిడ గొడవ. గుమ్మం పక్కన చెప్పుల వరస చివర పెట్టాను. భోజనాలయ్యాక వచ్చి చూస్తే లేదు.

"ఆ ఇనప చెప్పా? గృహప్రవేశం నాడు గుమ్మంలో ఒంటి చెప్పేమిటయ్యా? బిన్‌లో పడేయించా," అన్నారు బావగారు, తాంబూలం నములుతూ.

"సాయంత్రం నాకు సెలెక్షన్ రేసు, బావగారూ!"

"ఇంకోటి కొనుక్కో బావా. షూసేగా!"

చెత్త లారీ అప్పటికే వచ్చి వెళ్లిపోయింది. ట్రాకు దగ్గర ఒక రైడర్ తన పాత ఉక్కు అడుగు ఇచ్చాడు. పెద్దదైతే టేపు చుట్టి బిగించాను. రెండు చుట్లు నేనే ముందున్నాను. మూడో చుట్టు మలుపులో అది ఊడింది, ఉత్త బూటు మట్టిని పట్టేసింది, మోకాలు మెలిపడింది. మళ్లీ బండెక్కలేదు. బావగారు ఆస్పత్రికొచ్చి ఎక్స్‌రే చూసి, "చెప్పానా?" అన్నారు. సారీ అనలేదు. ఆ ఏడాది నుంచి వాళ్ల పెళ్లిరోజుకు ఫోన్ చేయడం మానేశాను. ఆయన గమనించారో లేదో.

మొన్న ఆముదం చల్లారకముందే డోర్‌బెల్ మోగింది. బావగారే. మంచు మీద జారి చీలమండ విరిగిందట. కుడికాలికి ఆస్పత్రివాళ్లు కట్టిన ప్లాస్టిక్ బూటు. గుమ్మంలో ఎడమ షూ ఒక్కటే విప్పి, కుంటుతూ లోపలికొచ్చారు.

"ఒంటి చెప్పు, బావగారూ," అన్నాను. ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట.

"ఏం చేయను బావా, రెండోదానికి ఇప్పట్లో పని లేదు."

"మీ గృహప్రవేశం నాడు నాది పారేయించారు."

ఆయన నిజంగానే ఆలోచించారు. "నీ షూనా? నేనా? ఎప్పుడు?"

మా ఆవిడ నావైపే చూస్తోంది. మొన్న మా బిన్ కూడా చెత్త లారీ కోసం వీధంచునే ఉంది. ఆయన షూ చేతిలోకి తీసుకున్నాను. లోపల మంచు కరిగి తడిగా ఉంది. తీసుకెళ్లి హీటర్ పక్కన ఆరబెట్టాను. క్షమించానని ఎవరూ అనుకోవద్దు. ఆ శనివారం ఆయనకు ఏనాడో గడిచిపోయింది. నా మోకాల్లో ఇంకా గడుస్తూనే ఉంది.