గంగమ్మ జాతరలో తోకటోపీ దొర

మా చిన్నప్పుడు... జాతర వారం వస్తే నగరిలో మా వీధి కరెంటు మగ్గాలన్నీ నిలిచిపోయేవి. ఏడాది పొడుగునా ఆ టకటకల మీద గొంతు పెంచి మాట్లాడి అలవాటైనోళ్ళం... మగ్గాలు ఆగినాక కూడా ఒకరి మీద ఒకరు అరుచుకుంటానే ఉండేవాళ్ళం.

మగ్గం ఆగితే మగోళ్ళు వేషాలు కట్టేవాళ్ళు. గంగమ్మకు మొక్కుకున్న వేషాలు. ఒకరు చీర కట్టి, జడ వేసుకుని అమ్మవారైతే, ఇంకొకరు పులి, ఇంకొకరు బైరాగి. మా నాయనకు తమ్ముడు, ఏకాంబరం చిన్నాయన మాత్రం ఇంకెవరూ కట్టని వేషం కట్టేవాడు... అమెరికా అడవి దొర.

ఆ దొర కథ ఆయనకు మిషను స్కూల్లో ఒక టీచరమ్మ చెప్పిందంట. ఎప్పుడో పూర్వం అమెరికా అడవుల్లో తిరుగుతా, ఎలుగుబంట్లను వేటాడిన మనిషి. తోలుతో కుట్టిన టోపీ, దానికి వెనక వేలాడే తోక. అసలు పేరు మాకు నోరు తిరిగేది కాదు. తోకటోపీ దొర అనేవాళ్ళం.

గోనెసంచి విప్పి, అంచులకు కుచ్చులు పెట్టి కోటు కుట్టింది ఆయన పెళ్ళాం, మా వల్లెమ్మ పిన్నమ్మ. మగ్గం కాడ రాలిన వేస్టు నూలుతో తోక అల్లి, రంగు తొట్టిలో ముంచి చారలు తెప్పించింది. చేతిలో కట్టె తుపాకి. పలక డప్పుల మోతకు చిన్నాయన ఎగిరి గంతేస్తే ఆ తోక గిర్రున తిరిగేది... పిల్లలమంతా వెనకాల పరిగెత్తేవాళ్ళం.

"అమ్మ జాతరలో అమెరికావోడు ఎందుకప్పా" అని పెద్దోళ్ళు నవ్వేవాళ్ళు.

"అమ్మకు ఏ దేశమోడైతే ఏమప్పా" అనేవాడు చిన్నాయన.

కథ ఆఖరు మాత్రం మాకు నచ్చేది కాదు. ఆ దొర కొంతమందితో ఒక మట్టికోటలో చిక్కుకుంటాడు. బయట పెద్ద దండు. లోపలున్నోళ్ళంతా చచ్చిపోతారు, ఆయన కూడా.

"పారిపోయుండొచ్చు గదా చిన్నాయనా" అని అడిగినాను ఒకసారి.

"దోవ ఉన్నింది పాపా. పోలేదు. తన కూడా ఉండేవాళ్ళను ఇడిసిపెట్టి యాడికి పోతాడు?"

నేను ఎనిమిదో తరగతికి వచ్చేటప్పటికి ఆయనకు దగ్గు పట్టుకునింది. మగ్గాల షెడ్డులో నూలు దుమ్ము పిండి మాదిరి గాల్లో తేలతా ఉంటుంది. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు, చెవులు అన్నీ తెల్లగా ఉండేవి. లోపల కూడా అట్లే పేరుకుంటాదని మాకేం తెలుసు... తిరుపతి పెద్దాసుపత్రిలో ఎక్సరే ఫోటో తీసి, ఇంక మగ్గం జోలికి పోవద్దన్నారు.

మరుసటి సోమవారం మళ్ళీ పోయినాడు.

"మానేయ్" అనింది పిన్నమ్మ వాకిట్లో అడ్డం నిలబడి.

"మానేసి?" అన్నాడాయన.

పిన్నమ్మ పక్కకు జరిగింది.

మళ్ళా జాతర దగ్గర పడేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు. నాలుగు మెతుకులు తినాలన్నా ఆయాసమే. జాతర దాకా మనిషిని నిలిపితే ఆ వేషం తానే కట్టుకుని వస్తానని పిన్నమ్మ గంగమ్మకు మొక్కుకునింది. వీధి పెద్దాయన ఒప్పుకోలేదు. ఆడోళ్ళు మగవేషం కట్టేది యాడా లేదన్నాడు.

"మగోళ్ళు చీర కట్టుకోనొస్తే ఆయమ్మకు కోపం రాదే. నేను టోపీ పెట్టుకుంటే వస్తాదా?" అని అడిగింది పిన్నమ్మ. గొంతు కూడా పెంచలేదు. ఆఖరికి పెద్దాయన సరేనన్నాడు.

జాతర రోజు ఆయన మంచాన్ని వాకిట్లోకి తెచ్చి, వీపుకు దిండ్లు పెట్టినాం. పిన్నమ్మ చీర మీదనే గోనె కోటు తొడుక్కుని వచ్చి ఆయన ముందర వంగింది. చిన్నాయన టోపీ సరిచేసినాడు.

"తోక ఎనకనే ఉండాల" అన్నాడు. ఆ కాస్త మాటకే చాలాసేపు దగ్గినాడు.

పిన్నమ్మ ఎగరలేదు, గంతెయ్యలేదు. తుపాకి భుజాన పెట్టుకుని నడిచింది. మొదట్లో ఎవరో కిసుక్కున నవ్వినారు. మా వీధి దాటేసరికి ఆ నవ్వు కూడా ఆగిపోయింది. పలకలోళ్ళు వాళ్ళంతట వాళ్ళే మోత తగ్గించినారు. గుడి ముందర చాలాసేపు నిలబడింది. ఏం అడిగిందో నాకు తెలీదు.

ఇంటికొచ్చినాక చిన్నాయన అడిగినాడు. "జనం ఏమన్నారు?"

"ఈలలేసినారు" అనింది పిన్నమ్మ.

నేను పక్కనే ఉండాను. ఒక్కరు కూడా ఈల వెయ్యలేదు. ఆయన మాత్రం కండ్లు మూసుకుని నవ్వినాడు.

ఆడి కృత్తిక పండగకు మొక్కు కావళ్ళు మా వీధిలో పోయే రోజు ఆయన పోయినాడు. బయట డప్పులు, హరోహర కేకలు... ఇంట్లో ఏడుపు ఎవరికీ వినబడలేదు. టోపీని, కోటును పిన్నమ్మ ఆయనతోనే పంపించేసింది. పెద్దదినం కర్మ అయిన వారానికే, ఆయన నిలబడిన మగ్గం కాడనే తాను పోయి నిలబడింది. ఇంట్లో ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. ఇంకేం చేస్తుంది...

మొన్న జాతరకు పోయినాను. వేషాలు ఇంకా ఎక్కువైనాయి. మెరిసే గుడ్డలు, చెన్నై నుంచి బాడిగకు తెచ్చిన కిరీటాలు, ప్రతి వేషం పక్కన నిలబడి ఫోటో దిగే జనం. వేషం లోపల ఉండేది ఎవరని అడిగేవాళ్ళు మాత్రం లేరు. మా రోజుల్లో గొంతు వింటే చాలు, ఫలానా ఇంటాయన అని చెప్పేసేవాళ్ళం.

మీ ఊరి జాతరలో వేషం కట్టే మనిషి ఎవరైనా గుర్తుండాడా? రంగు కడుక్కున్నాక మరుసటి రోజు ఆయన ఏ పనికి పోయేవాడో తెలుసా? తెలిస్తే ఆయన పేరు కింద రాయండి... పేరు ఒక్కటైనా సరే.