సిడ్నీలో చుక్క పొడిచిందా?

వైటూకే గండం గడిచింది. ఏ కంప్యూటరూ పేలలేదు. ఆ సంబరంలో మా ఆయన పనిచేసే సిడ్నీ కంపెనీ జూన్‌లో ఆయన్ని నార్వే క్లయింటు దగ్గరికి ఓ వారం పంపింది. ఆయన నన్నూ, మా అత్తయ్యగారినీ కూడా వెంటబెట్టుకెళ్ళారు. అంతకుముందు ఏడాది నాకు కడుపులోనే బిడ్డ పోయింది. గాలి మారితే మామూలు మనిషినవుతానని ఆయన ఆశ. నాకైతే ఏ గాలైనా ఒకటే అనిపించేది.

హోటలు రేవు ఒడ్డునే ఉంది. వందల ఏళ్ళనాటి చెక్క భవనం, ఒకప్పుడు ఎండుచేపల గిడ్డంగి. రిసెప్షన్‌లో అమ్మాయి ఆ సంగతి ఎంతో గర్వంగా చెప్పింది. నేను ఊరుకోకుండా తెలుగులో వినిపించాను. అత్తయ్యగారు వెంటనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"చెప్పకపోతే హాయిగా ఉండేదాన్ని కదే! ఇప్పుడు దూలాలన్నీ కంపు కొడుతున్నాయి."

అన్నారే గానీ, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఇక కదల్లేదు. వచ్చే పడవా పోయే పడవా చూస్తూ, "అచ్చం మన గోదారి రేవే. కాకపోతే ఇక్కడ ఎవరూ అరుచుకోరు, పాపం" అని జాలిపడ్డారు.

చిక్కల్లా సోమవారంతో వచ్చింది. ఆవిడకి సోమవారం నక్తం. పగలంతా ఉపవాసముండి, ఆకాశంలో చుక్క చూశాకే భోజనం. సిడ్నీలో అయితే చీకటి పడగానే పెరట్లోకెళ్ళి చుక్క చూసొచ్చి కంచం ముందు కూర్చునేవారు. జూన్‌లో నార్వేలో అసలు చీకటే పడదని మా మహా కంప్యూటరు మేధావికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆవిడ కిటికీలోంచి ఆకాశం చూస్తూనే ఉన్నారు. ఆకాశం తెల్లగా ఈవిణ్ణి చూస్తూనే ఉంది. చూస్తుండగానే మంగళవారం వచ్చేసింది.

అసలే షుగరు మనిషి. మా ఆయన ఆఫీసుకెళ్ళాక చూస్తే ఆవిడ చేతులు వణుకుతున్నాయి. జ్యూసు తెచ్చిస్తే మొహం తిప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం సాధిద్దామని అత్తయ్యా ఈ మొండితనం? మీ అబ్బాయి ఉద్యోగం భేషుగ్గా ఉంది. ఆస్ట్రేలియాలోనే ఉండిపోవడానికి పీఆర్ వచ్చేసింది. ఇంకా ఎవరి కోసం?"

"నీ కోసమే, నీ మొహం!"

ఓహో, మనవడి కోసమా అనుకున్నాను. ఆ మాటే అనేశాను కూడా.

"మనవడు వస్తే వస్తాడు, లేకపోతే లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నువ్వు అన్నం కెలికి లేచిపోతున్నావు. నువ్వు మళ్ళీ కడుపునిండా తినేదాకా సోమవారాలు నక్తం ఉంటానని శివుడికి మొక్కుకున్నాను. మధ్యలో వదిలేసి, నీకేదైనా అయితే?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడాదిగా ఈవిడ నా కోసం కడుపు మాడ్చుకుంటున్నారు. కానీ ఏడుస్తూ కూర్చుంటే ఆవిడ పడిపోయేలా ఉన్నారు.

"మొక్కు ఎక్కడ మొక్కారు?" అన్నాను కళ్ళు తుడుచుకుని.

"ఎక్కడేంటి? మన వంటింట్లో, దేవుడి పటం ముందు."

"సిడ్నీలోనేగా! అయితే చుక్క కూడా సిడ్నీదే."

టైము పదవుతోంది. అంటే అక్కడ సాయంత్రం ఆరు, చలికాలం కాబట్టి చీకటి పడిపోయుంటుంది. మా పక్కింటి అంకుల్‌కి ఫోన్ కొట్టాను. హైదరాబాదు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం వాళ్ళది. బయటికెళ్ళి చుక్క పొడిచిందేమో చూస్తారా అని అడిగాను. ఇంకొకరైతే నాకు పిచ్చెక్కిందనుకునేవారు. ఆయన ఒక్కటే అడిగారు.

"ఉపవాసం ఎవరున్నరు బేటా?"

"అత్తయ్యగారు అంకుల్. నిన్నటి నుంచీ."

"అయ్యో! ఫోన్ పెట్టకు, చూసొస్త."

తలుపు కిర్రుమంది. కాసేపటికి ఆయన తిరిగొచ్చారు. "మబ్బు పట్టింది బేటా. ఓ దిక్కున కొంచెం తెరిపి ఉంది, ఆగు." మళ్ళీ వెళ్ళారు. నేను రిసీవరు చెవికి అదుముకుని నిలబడ్డాను. కింద టిఫిన్లు తీసేసే వేళవుతోంది. అంతలో దూరంగా ఆంటీ కేక వినబడింది, "దిఖా! దిఖా!" అని.

"సాఫ్‌గా కనబడ్డది. నేను చూసిన, మీ ఆంటీ చూసింది. ఇద్దరు సాక్షులం. అమ్మను తినమను," అన్నారు అంకుల్ రొప్పుతూ.

చెప్పగానే అత్తయ్యగారు ఫోన్‌కే దణ్ణం పెట్టారు. "ఆయన చూశానంటే చూసినట్టే. నెలవంక కనబడందే పండగ చేసుకోని మనిషి."

చెయ్యి పట్టుకుని కిందికి దింపాను. చేపల పళ్ళేల పక్కనుంచి కొంగు అడ్డం పెట్టుకుని దాటేసి, వేడి రొట్టె, పెరుగు తెచ్చుకున్నాం. హ్యాండ్‌బ్యాగులోంచి ఆవకాయ సీసా బయటికొచ్చింది. తీరా అంతా పెట్టుకున్నాక ఆవిడ మొదటి ముక్క నా పళ్ళెంలో వేసి కూర్చున్నారు.

"మీరు తినండి అత్తయ్యా!"

"నువ్వు ముందు."

తిన్నాను. ఆవకాయ నాలిక్కి తగలగానే ఎక్కడో ముడుచుకుపోయిన ఆకలి లేచి కూర్చుంది. ఇంకో రొట్టె తెచ్చుకున్నాను. ఆ తరవాత ఇంకోటి. ఆవిడ తింటూనే నా పళ్ళెంకేసి చూస్తున్నారు. ఆ క్షణాన ఆవిడంటే నాకెంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను. నోటినిండా రొట్టె ఉంది మరి.

సిడ్నీకొచ్చాక మొదటి సోమవారం పొద్దున్న వంటింట్లోకి వెళితే, అత్తయ్యగారు తీరిగ్గా కూర్చుని దోసె తింటున్నారు.

"అదేంటి, ఇవాళ సోమవారం కదా?"

"అయితే?" అంటూ నా పళ్ళెంలో ఓ దోసె వేశారు. "కూర్చో, చల్లారిపోతుంది."