నేను లాగిన మూల

నేను ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆ వేసవిలో, గోనెపట్టాలు సులువుగా దొరుకుతాయని విద్యార్థులను ఆర్మూర్ పసుపు మార్కెట్‌కు తీసుకెళ్లాను. పట్టాను నాలుగు మూలలా కట్టి వేలాడదీసి, ప్లాస్టర్ పూసి, ఆరాక బోర్లిస్తే నడుమ స్తంభాలు లేని కప్పు తయారవుతుంది. పట్టా తన బరువుతో తానే ఆకారం వెతుక్కోవాలి. ఆ రోజు పాఠం అదే.

నా విద్యార్థుల్లో ఆ ఊరి పిల్ల శ్రావణి కట్టిన పట్టా ఒకపక్కకు ఎక్కువ జారింది. లాప్‌టాప్‌లో నేను చూపించిన ఆకారంతో కలవలేదు. చిరాకేసి ఒక మూల లాగి బిగించాను.

అక్కడే పసుపు బస్తాలు కుట్టే వాళ్లమ్మ వారించింది. "గుంజకుండ్రి సార్. గోనె ఒక దిక్కు ఎక్కువ సాగుతది. దాన్ని గట్లనే జారనియ్యుండ్రి."

"కంప్యూటర్ లెక్క తప్పదమ్మా" అన్నాను.

మర్నాడు, ప్లాస్టర్ ఆరిన ఆ కప్పును బోర్లించి మీద ఇటుక పెట్టగానే, నేను లాగిన మూల దగ్గరే పగిలి కూలిపోయింది. అందరూ నావైపు చూశారు. శ్రావణి తలొంచుకుని, "నేనే మంచిగ కట్టలేదు సార్" అంది.

"ఇకనైనా జాగ్రత్తగా కట్టు" అన్నాను.

వాళ్లమ్మ చేతిలో సూది ఆగింది. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి, "ఎండల నిలవడ్డరు, జర తాగుండ్రి సార్" అంది. తాగాను.

ఇప్పుడు ఏటా ఈ పాఠం చెప్పేటప్పుడు, ఆ మూల లాగింది నేనేనని పిల్లలతో ఒప్పుకుంటాను. ఆ మాట వినాల్సిన ఇద్దరు మాత్రం ఆ తరగతిలో ఉండరు.