ఇంజను గొయ్యిలో నీళ్ళు

హెస్టర్ పాస్క్‌కి మనుషులంటే మొదటినుంచీ నమ్మకం తక్కువ. బొగ్గు పడవవాడు బస్తా దింపితే చేత్తో ఎత్తి చూసి, "ఇందులో రాళ్ళెన్ని, బొగ్గెంత?" అని మొహంమీదే అడిగేది. వంతెన దగ్గర బాతులకి గింజలు వేసే ముసలాయన కూడా తన కిటికీలోకి తొంగిచూడడానికే వస్తున్నాడని ఆవిడ అభిప్రాయం. అలాంటి మనిషి పడవలో ఉన్నట్టుండి నీళ్ళు చేరడం మొదలైతే ఇక కాలవ గట్టున ఎవరికి మనశ్శాంతి ఉంటుంది?

యాభై ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఉన్న ఇనప పడవ అది. పేరు లార్క్‌స్పర్. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడకి ఇల్లూ వాకిలీ అదే. పడవ వెనక కొసన, చెక్క పలకల కింద ఇంజను గొయ్యి. ఇంజను నుంచి, పడవని ముందుకు తోసే బయటి పంకాకి పోయే ఇనపకడ్డీ పడవ అడుగున ఒక కంతలోంచి నీళ్ళలోకి వెళ్తుంది. ఆ కంతలోంచి కాలవ లోపలికి రాకుండా కడ్డీ చుట్టూ కొవ్వు పట్టించిన తాడు మూడు చుట్లు కూరి, పైన మూతపెట్టి రెండు నట్లు బిగిస్తారు. సాయంత్రం ఇంజను ఆపాక పక్కనున్న ఇత్తడి గ్రీజు డబ్బా పిడిని ఒక్క తిప్పు తిప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట భర్త క్లెమ్‌కి మోకాళ్ళు పోయిన దగ్గర్నుంచీ ఆ గొయ్యిలోకి దిగేది హెస్టరే. జనవరిలో క్లెమ్ పోయాడు. మార్చిలో ఆవిడే కొత్త తాడు కూరింది. నాలుగైదేళ్ళు రావాల్సిన తాడు. సెప్టెంబరు వచ్చేసరికి రోజూ పొద్దున్నే గొయ్యిలో బకెట్టెడు నీళ్ళు.

స్టాఫర్డ్ ఊళ్ళో ఉండే అక్క కూతురు ప్రూడెన్స్ ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట. "పిన్నీ, నీకు అరవై తొమ్మిదేళ్ళు. ఆ రేకు డబ్బాలో ఒక్కదానివే ఎందుకు? మా వీధిలో గది ఖాళీగా ఉంది."

"చలికాలం లోపల ఈ నీళ్ళు ఆపలేకపోతే పడవ అమ్మేసి నీ దగ్గరికే వస్తాను. సరేనా?" అని ఒకరోజు విసుగులో అనేసింది హెస్టర్. అన్నమాట వెనక్కి తీసుకునే రకం కాదు ఆవిడ.

ఇప్పుడు ఆవిడ ముందు రెండే దారులు. తన చేతులు చచ్చుబడి తాడు సరిగ్గా కూరలేదని ఒప్పుకోవాలి, లేదా ఎవరో కావాలని చేస్తున్నారని నమ్మాలి. రెండోదే మనసుకి హాయిగా ఉంది. వెతకగా రుజువు కూడా దొరికింది. మూతమీది రెండు నట్లకీ కొత్తగా మెరుస్తున్న గీతలు. పానా పెట్టి ఎవరో తిప్పారు. తను పెట్టలేదు.

ఎవరో అంటే ఇంకెవరు, పక్క పడవ నార్మన్ ఫెల్ప్స్. అతని పడవ వంపు దగ్గర ఉంటుంది. అద్దె పడవలవాళ్ళు వంపు తిరగడం చేతగాక వారానికో గుద్దు గుద్దిపోతారు. హెస్టర్ చోటు తిన్నగా ఉంటుంది, నీళ్ళ పంపు పక్కనే. ఆవిడ వెళ్ళిపోతే ఆ చోటు ఎవరికొస్తుందో లెక్కలు కట్టనక్కర్లేదు. పైగా ఈ మధ్య రెండుసార్లు అడిగాడు, "చలికాలమంతా ఇక్కడే ఉంటారా హెస్టర్?" అని. అడుగుతూ ఆవిడ మొహంకేసి కాదు, పడవ వెనక భాగంకేసి చూశాడు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. కాలవమీద బతికేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కప్పుమీద తట్టి పిలవకుండా ఒకరి పడవమీద ఇంకొకరు కాలు పెట్టరు. అన్నదమ్ములైనా పెట్టరు. పెట్టినా దాగదు, మనిషి ఎక్కగానే పడవ ఆ పక్కకి ఒరుగుతుంది. ఒకరోజు తెల్లవారుజామున పొయ్యిమీద టీ కాగుతుండగా లార్క్‌స్పర్ వెనక్కి ఒరిగి, కాసేపటికి మళ్ళీ లేచింది. ఆవిడ తలుపు తీసి చూసేసరికి ఎవరూ లేరు.

మర్నాటికి పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి వెనక పలకలమీద పల్చగా చల్లింది. పొద్దున చూస్తే పెద్ద బూట్ల అడుగులు, ఎడమ మడమ అరిగినవి. హెస్టర్ గట్టుమీదికెళ్ళి నార్మన్ పడవ ముందు ఆరబెట్టిన బూట్లు చూసింది. ఎడమ మడమ అరిగింది. ఒళ్ళు మండిపోయింది. క్లెమ్‌ని సాగనంపిన రోజు శవపేటిక భుజానికెత్తుకున్నవాడు ఈ నార్మనే. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఇదేనని తిట్టుకుంది.

మంగళవారం ఆవిడ ఊళ్ళోకి బస్సెక్కే రోజు. ఆ మంగళవారం సంచీ పట్టుకుని అందరికీ కనబడేలా వంతెన ఎక్కింది. అవతలివైపు ముళ్ళకంచె చాటున పావుగంట నిలబడి, వచ్చిన దారినే తిరిగొచ్చింది. పలకలు తీసి ఉన్నాయి. నార్మన్ వీపు గొయ్యిలోంచి పైకి కనబడుతోంది.

"ఏం పోగొట్టుకున్నావు నార్మన్ అక్కడ?"

అతను ఉలిక్కిపడి లేవబోతే తల ఇనప అంచుకి కొట్టుకుంది. చేతిలో పానా ఉంది.

"హెస్టర్... బస్సు రాలేదా?"

"బస్సు సంగతి తర్వాత. నా పడవ ముంచితే నీకు నా చోటు వస్తుందనేగా? ఇంత కష్టపడ్డం ఎందుకు, అడుగున ఓ గునపం దింపు, సాయంత్రానికల్లా పనైపోతుంది."

"ముంచడమా? నేనా?" నార్మన్ మొహం పాలిపోయింది. "కారుతోంది కదా అని బిగిస్తున్నానండీ. కారినప్పుడల్లా కొంచెం కొంచెం."

"కారినప్పుడల్లా?"

"అవును. మార్చి నుంచీ చూస్తున్నా. ఆగినట్టే ఆగి మళ్ళీ కారుతుంది. ఎంత బిగించినా ఇంకా ఎక్కువవుతోంది."

హెస్టర్‌కి సంగతి అర్థమైంది. నార్మన్ పడవ కొత్తది. దానికి తాడూ లేదు, గ్రీజూ లేదు, రబ్బరు బిళ్ళ ఉంటుంది, చుక్క కారదు. చుక్క కనబడితే రోగమనుకునే రకం అతను.

"కారాలి నాయనా అది," అంది. "ఇంజను తిరుగుతున్నప్పుడు నిమిషానికో చుక్క కారాలి. ఆ తడే కడ్డీని చల్లబరిచేది. నువ్వు పీక నులిమినట్టు బిగిస్తే తాడు మాడిపోదా? మాడిన తాడు నీళ్ళాపుతుందా? నా కొంప నువ్వే ముంచావు కదయ్యా. అసలు నిన్నెవడు దిగమన్నాడు?"

నార్మన్ పానా కింద పెట్టాడు. "క్లెమ్."

"ఏ క్లెమ్?"

"ఆసుపత్రిలో మాట తీసుకున్నాడండీ. ఆవిడకి గొయ్యి సంగతి ఏమీ తెలీదు, నువ్వే చూసుకో, ఆవిడకి తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది, చాటుగా చెయ్యి అన్నాడు. చావబోయే మనిషి అడిగితే కాదంటానా?"

హెస్టర్ అతని మొహంలో అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. సంచీ పక్కన పడేసి, గూట్లోంచి తాడు చుట్టా కత్తీ తెచ్చింది.

"నువ్వు చేతిపంపు పట్టుకో. మాడిన తాడు లాగగానే కాలవ లోపలికొస్తుంది. నేను ఆపమనేదాకా కొడుతూనే ఉండు."

ఆవిడ గొయ్యిలో మోకాళ్ళమీద కూర్చుని నట్లు విప్పింది. కొంకితో లాగితే నల్లగా, పొడిపొడిగా వచ్చింది తాడు. వెనకే చల్లటి నీళ్ళు చిమ్మి చీలమండల దాకా లేచాయి. నార్మన్ రొప్పుతూ పంపు కొడుతున్నాడు. ఆవిడ కంగారుపడలేదు. ముందే ఏటవాలుగా కోసిపెట్టుకున్న ముక్కలు ఒక్కొక్కటీ కడ్డీకి చుట్టి, అతుకు మీద అతుకు రాకుండా తిప్పి కూరింది. మూడోది కూరేసరికి చిమ్మే నీళ్ళు సన్నటి ధారై, ధార చుక్కలైంది. నట్లు వేళ్ళతోనే బిగించింది. పానా ముట్టుకోలేదు.

నార్మన్ పంపు ఆపి ఆవిడ చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు. "ఇది ఇవాళ నేర్చుకున్న పని కాదు."

"తొమ్మిదేళ్ళు."

"మరి క్లెమ్ కదా... మేమందరం ఆయనే అనుకున్నాం. నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ గట్టుమీద నిలబడేవాడుగా. 'పొద్దుట్నుంచీ గొయ్యిలోనే, నడుం పోయింది' అనేవాడు."

హెస్టర్‌కి గుర్తొచ్చింది. పని అవగానే తన చేతిలో గుడ్డ అందుకుని క్లెమ్ బయటికి వెళ్ళేవాడు. ఉతికి ఆరేస్తాడేమో అనుకునేది, ఆ మాత్రం సాయానికే మురిసిపోయేది కూడా. చచ్చిపోయే ముందు కూడా మనిషికి నిజం నోట రాలేదు. నా భార్యే చూసుకుంటుందిలే అని ఒక్క మాట అంటే సరిపోయేదానికి, పక్కవాడి చేత ఒట్టు వేయించుకుని, తన ఇల్లు కాలవపాలు చెయ్యబోయాడు. ఆవిడకి ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. తిట్టడానికి మనిషి లేడు. కాలవమీద ఎగిరే కొంగనీ వదలకుండా అందరినీ అనుమానించింది. పక్కలో పడుకున్నవాణ్ణి మాత్రం ఒక్కరోజూ అనుమానించలేదు.

"క్షమించండి హెస్టర్," అన్నాడు నార్మన్.

"నువ్వు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నావు. నీకేం చెప్పను? వెళ్ళి ఆ తల కడుక్కో, నెత్తురొస్తోంది."

అతను వెళ్ళాక ఇంజను తిప్పి, గొయ్యి దగ్గర గడియారం పెట్టుకు కూర్చుంది. నిమిషానికో చుక్క. మూతమీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంది. ఫోను తీసి ప్రూడెన్స్‌కి కలిపింది.

"పడవ అమ్మట్లేదే."

"నిజమా పిన్నీ? ఎవర్ని పిలిచి బాగుచేయించావు?"

గట్టుమీద నలుగురైదుగురు ఉన్నారు. బొగ్గు పడవవాడు బస్తాలు దింపుతున్నాడు. నార్మన్ తలకి గుడ్డ కట్టుకుని తన పడవ ముందు నిలబడి ఉన్నాడు. హెస్టర్ గొయ్యిలోంచి లేచి నిలబడి, అందరికీ వినబడేలా గొంతెత్తింది.

"నేనే చేశాను. తొమ్మిదేళ్ళుగా నేనే."