రెండు తాళాల బీరువా

ఆసుపత్రి మందుల గదిలో పనిచేసే ఆమెను అందరూ తాళాలమ్మ అనేవాళ్లు. గసగసాల కాయ పాలలోంచి తీసే మార్ఫిన్ మాత్రలు అక్కడ రెండు తాళాల బీరువాలో ఉండేవి. ఒక తాళంచెవి ఆమె దగ్గర, రెండోది పెద్ద నర్సు దగ్గర. పాత అట్టలు ఖాళీగా తిరిగిస్తే తప్ప కొత్తవి చేతిలో పెట్టేది కాదు. ముప్పై ఏళ్లుగా అదే కుర్చీ, అదే ముటముటలాడే మొహం.

మా అక్కకు ఎముకల్లో కేన్సర్. నాలుగు గంటలకో మార్ఫిన్ మాత్ర వెయ్యమన్నారు. నా చదువు రెండో తరగతితో ఆగిపోయినా, గసగసాల నల్లమందు సంగతి నాకొకరు చెప్పాలా? అలవాటు పడితే మనిషి మనకు దక్కదని, మరీ విలవిల్లాడినప్పుడే వేసేదాన్ని. అక్క దుప్పటి అంచు కొరికేది. నేను వంటింటికీ మంచానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

నెలాఖరున అట్టలు తీసుకెళితే తాళాలమ్మ ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"సగం అలాగే ఉన్నాయేంటి పెద్దమ్మా? నొప్పి తగ్గిందా?"

"తగ్గితే నీ మొహం చూడ్డానికి ఎందుకొస్తాను? మరీ ముదిరినప్పుడు వేద్దామని దాచాను."

"ఇవేమన్నా నగలా, పెట్టెలో దాచుకోడానికి?"

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఒళ్లు మండిపోయి ఆ అట్టలు లాక్కుని ఇంటికొచ్చేశాను.

సాయంత్రం డ్యూటీ దిగి ఆమే మా ఇంటికి వచ్చింది. అక్కను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఈ మందుకే బానిసై మా ఆయన పోయాడు," అంది, నా వైపు తిరిగి. "నీ భయం నాకు తెలీదనుకోకు. ఆయనకి ఏ నొప్పీ లేదు, సరదాకి మొదలెట్టాడు. మీ అక్కకి నొప్పుంది. డాక్టరు చెప్పినట్టు వెయ్యి. మానేసినవన్నీ కలిపి మాత్రం ఒకేసారి వెయ్యకు."

"మరి నువ్వెందుకమ్మా ఆ బీరువా పట్టుకుని వేళ్లాడతావు?"

"ఒక మాత్ర ఎక్కువ పోయినా నాకు నిద్రపట్టదు, తక్కువ పోయినా పట్టదు. ఇంకెవరు చూస్తారు?"

కాగితం మీద పెద్ద అంకెలతో గంటలు రాసిచ్చి వెళ్లింది. ఆ గంటల ప్రకారమే వేశాను.

మూడో రోజు మధ్యాహ్నం అక్క లేచి కూర్చుని తల దువ్వమంది. దువ్వుతుంటే అడిగింది:

"ఏమే, ఈ మాత్రలు ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉన్నాయా?"

ఎవరికైనా మాటకు మాట అప్పజెప్పగలదాన్ని. చిక్కు తీస్తూ ఉండిపోయాను. అక్క మళ్లీ అడగలేదు. ఒక్కసారి గట్టిగా తిట్టినా బాగుండేది.