తొమ్మిది వచ్చే నంబరు

మూడేళ్ల క్రితం దుబాయ్‌లో మొదటిసారి కారు కొన్నాను. అమ్మింది మా ఆఫీసులో పనిచేసే రమణన్న. మా ఇంట్లో భోంచేస్తూ, ఆ కారు నంబరులోని అంకెలు కూడి చూపించిందీ ఆయనే.

"తొమ్మిదొచ్చింది చెల్లెమ్మా, ఇక మీకు తిరుగులేదు!"

మా ఆవిడ పొంగిపోయింది. ఆ నంబరు కోసమే ఇంతకన్నా మంచి కారు వదులుకున్నాం.

రిజిస్ట్రేషన్ రోజు పూలదండతో వెళ్లేసరికి, ఆయన ఆ ప్లేటు విప్పించి తన కొత్త కారుకు బిగించుకుంటున్నాడు.

"అదేంటన్నా?"

"ఇక్కడ నంబరు బండిది కాదు తమ్ముడూ, ఓనరుది. తెలీదా?" అని నవ్వాడు.

తెలీదు. మన దగ్గర నంబరు బండితోనే వస్తుంది. నాకు తెలీదన్న సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఇప్పటికీ ఆఫీసు పార్కింగులో ఆ నంబరు రోజూ ఎదురుపడుతుంది. ఆయన్ని మాత్రం ఆ రోజు నుంచి "రమణ గారూ" అనే పిలుస్తున్నాను.