అమావాస్య నాటి ఖాళీ కుర్చీలు

వసంత పగ ఒక ప్లాస్టిక్ కుర్చీ దగ్గర మొదలైంది. నేల కోసం, నీళ్ళ కోసం, గట్టు మీది చెట్టు కోసం పగ పట్టినవాళ్ళ గురించి చాలా చదివాను, తిరిగిన ఊళ్ళలో కొందరిని చూశాను కూడా. కుర్చీ కోసం పగ పట్టిన మనిషిని మాత్రం ఎమ్మిగనూరులోనే చూశాను. చూశాక, మిగతా పగలన్నీ కూడా లోపల కుర్చీ సంగతులేనేమో అనిపించింది. ఎవరో ఒకరు పదిమందిలో ఎవరినో లేవమని ఉంటారు.

వసంత చేనేత ఇంటి పిల్ల, ముప్పై దాటింది. తల్లి భీమక్కది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి, అంచున కూర్చుని నేస్తుంది. వసంత ఆ గుంతలోకి దిగలేదు. బెంగళూరులో ఫ్రిజ్జుల కంపెనీకి ఫోన్లో జవాబులు చెప్పే ఉద్యోగం చేసింది. కరోనా ఏడాది కంపెనీ అందరినీ ఇళ్ళకు పంపి, ఆ తర్వాత అక్కడి నుంచే పని చేసుకొమ్మంది. రాయచూరు, బళ్ళారి వాళ్ళకు కన్నడంలో, కర్నూలు, అనంతపురం వాళ్ళకు తెలుగులో, చల్లబడని ఫ్రిజ్జు గురించి ఓపిగ్గా సర్దిచెప్పడం ఆమె పని.

చిక్కల్లా మగ్గం చప్పుడుతోనే. ఇంట్లో ఒకటి, గోడకు అవతల ఇంకొకటి, వీధంతా కలిపి ఎన్నో ఎవరూ ఎంచలేదు. ఒకసారి బళ్ళారి పెద్దమనిషి ఫ్రిజ్జు సంగతి మధ్యలో ఆపి, "రైలు హోగ్తా ఇదెయేనమ్మా?" అన్నాడట, రైలేమైనా పోతోందా అని. ఎమ్మిగనూరుకు రైలెక్కడిది? రైలెక్కాలంటే ఆదోనికో కోసిగికో పోవాలి. కోసిగి స్టేషనులో మూటలతో, పిల్లలతో పనులకు వలసపోయే జనాన్ని చూసినవాడెవడూ ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగాన్ని తక్కువగా చూడడు. వసంత కూడా చూడలేదు.

"అమ్మా, ఫోను వచ్చినప్పుడన్నా ఆపమ్మా" అనేది.

"మగ్గాన్ని నోరు మూసుకోమంటే యెట్ల మూసుకుంటాదే? నీ ఫోన్నే కొంచెం గట్టిగా మాట్లాడమను" అనేది భీమక్క.

అటువంటి రోజుల్లో హైదరాబాదు సంస్థ ఒకటి ఎమ్మిగనూరు వచ్చింది. చిన్న ఊళ్ళలో ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్ళంతా ఒకచోట కూర్చునే గది పెట్టి, నడుస్తుందో లేదో కొన్నాళ్ళు పరీక్షించి చూస్తారట. కరెంటు పోకుండా ఇన్వర్టరు, ఆగని ఇంటర్నెట్టు, వరసగా బల్లలు. మూతపడిన నూలు గోదాము మీది గది తీసుకున్నారు. కూర్చునేవాళ్ళను వెతికి తెచ్చింది వసంతే. మధ్యాహ్నపు ఎండల్లో నేతవీధులన్నీ తిరిగి, చెవులకు ఇయర్ ఫోన్లు పెట్టుకుని అరుగుల మీద అవస్థ పడుతున్న నరేష్ లాంటి వాళ్ళను పట్టుకొచ్చింది. గోనెగండ్ల నుంచి యేసురత్నాన్ని పిలిచిందీ ఆమే. కూలి చేసుకునే ఇంటి పిల్లవాడు, డిగ్రీ చదివి ఆన్‌లైన్లో పాఠాలు చెబుతాడు. ఇంట్లో సిగ్నల్ దొరకక రోజూ నీళ్ళ ట్యాంకు మెట్లెక్కేవాడు.

గది బాధ్యత మాత్రం ఆదోని శివప్రసాద్‌కు ఇచ్చారు. సోమవారం సోమవారం వచ్చి, ఫోటోలు తీసి హైదరాబాదుకు పంపి, బస్సు వేళకు వెళ్ళిపోయేవాడు.

ప్రారంభం నాడు ముందు వరసలో వసంత కూర్చుంది. ఎవరో అతిథి ఆలస్యంగా వచ్చాడు. శివప్రసాద్ గది అంతా చూసి నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"వసంతమ్మా, జర లేయి. సారుకు కుర్చీ ఇయ్యి."

"వెనక ఖాళీ ఉండాది కదన్నా."

"సారును వెనక కూర్చోబెడతామా? నువ్వు యాడైనా కూర్చుంటావు. గుంతలో కూర్చునే ఇంటోళ్ళకు కుర్చీ యాల?"

గది గొల్లుమంది. నవ్వినవాళ్ళలో సగం మంది గుంతలో కూర్చునే ఇళ్ళవాళ్ళే. యేసురత్నం ఒక్కడు నవ్వలేదు. వసంత లేచి గోడకు ఆనుకుని నిలబడింది. ఆ రోజు ఫోటోలో ఆమె లేదు.

ఆస్పరి మండలంలో కైరుప్పల అనే ఊరుంది. ఉగాది మరునాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. తలలు పగిలేదాకా విసురుకుని, ఆ సాయంత్రమే కలిసి కూర్చుంటారు. పగకు ఏడాదికొక రోజు కేటాయించి, మిగతా రోజులు హాయిగా బతికే ఆ ఏర్పాటును చూసి ఎవరి బుర్రలో పుట్టిందో అని ముచ్చటపడ్డాను. వసంతకు ఆ సంగతి చెబితే, "మాది కైరుప్పల కాదు కదప్పా" అంది.

ఆమె రోజూ గదికి వచ్చేది. అదే శివప్రసాద్‌ను "అన్నా" అని నవ్వుతూ పలకరించేది. యేసురత్నం ఒక్కడే కనిపెట్టాడు.

"అక్కా, ఆయప్ప మీద కోపం పోలేదా నీకు?"

"నన్ను లేపిన గదిలో నుంచే వాన్ని లేపవల్ల. అంతవరకు పోదు."

శివప్రసాద్ పంపే ఫోటోలలో కుర్చీ ఎప్పుడూ ఖాళీ లేదు. కింద టీకొట్టులో అమ్మేవాణ్ణి, తాగేవాళ్ళను కూడా కూర్చోబెట్టి తీసేవాడు. హైదరాబాదు వాళ్ళకు అనుమానమో, ముచ్చటో, కళ్ళతో చూసి గది ఉంచాలా ఎత్తేయాలా తేలుస్తామన్నారు. ఏ రోజు రావాలో మనల్నే చెప్పమన్నారని శివప్రసాద్ వాట్సాప్ గ్రూపులో అందరినీ అడిగాడు. ఎవరూ పలకలేదు. వసంత పలికింది: "వచ్చే బుధవారం బాగుంటాదన్నా. ఆ పొద్దు అందరికీ వీలు."

ఆ బుధవారం అమావాస్య.

శివప్రసాద్‌కు అమావాస్య తెలియదని కాదు. తెలుసు కాబట్టే గుమ్మానికి కొత్త గుమ్మడికాయ కట్టించాడు. అతనికి తెలియనిది వేరే. అమావాస్య నాడు ఎమ్మిగనూరులో ఎవరూ మగ్గం మీద కూర్చోరు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి పడుకుంటారు. వీధి వీధంతా నిశ్శబ్దం. ఇల్లు అంత నిమ్మళంగా ఉన్నప్పుడు తలదువ్వుకుని గదిదాకా నడిచేదెవరు? ప్రతి అమావాస్యకూ నేతవీధి వాళ్ళు ఇంట్లోనే కూర్చుని పని చేసుకుంటారు. సోమవారాలు మాత్రమే వచ్చే మనిషికి ఆ సంగతి కనబడలేదు. మరి తక్కినవాళ్ళు? తేదీ చూసి ఎవరూ అమావాస్య అనుకోరు. పొద్దున లేచి మగ్గం వినబడకపోతే అనుకుంటారు. "నేనొక్కన్ని పోకపోతే ఏమైతాదిలే, మిగతావాళ్ళు ఉంటారు కదా అనుకున్న" అన్నాడు నరేష్ తర్వాత. అందరూ అదే అనుకున్నారు. వసంత నమ్ముకున్నదీ అదే.

గోనెగండ్ల బస్సు దిగే యేసురత్నానికి మాత్రం అమావాస్య లేదు. వాడొకడు వచ్చి కూర్చుంటే గదిలో మనిషి ఉన్నట్టే. అందుకని వసంత పొద్దున్నే బస్టాండుకు పోయింది.

"తమ్ముడూ, ఈ పొద్దు మా ఇంట్లో కూర్చుని చెయ్యి. అమ్మ ఓళిగలు చేస్తాంది."

"హైదరాబాదోళ్ళు వస్తాండారు కదక్కా?"

"వాళ్ళు రారంట. నిన్న సెప్పినారు."

వాడు నమ్మాడు. భీమక్క ఆ బొబ్బట్లను కొసరి వడ్డించింది. ఆగిన మగ్గం పక్కన చాప మీద కూర్చుని వాడు పిల్లలకు లెక్కలు చెప్పాడు.

అప్పుడు గదిలో జరిగింది కింద టీకొట్టు నాగన్న చెప్పాడు. "ముగ్గురొచ్చినారప్పా, ఒకామె, ఇద్దరు మగోళ్ళు. పైకి పోయినారు. సేపటికి ఆయప్ప కిందికి ఉరికొచ్చి, 'నాగన్నా, నువ్వు రా, ఊరికే కూర్చో' అంటాడు. నేను బాయిలరు ఆర్పి పోయి కూర్చున్నా. ఆయమ్మ నన్ను ఏం పని చేస్తావంటాది. టీ అన్నా. ఫోటోల్లో నన్ను చూసిందంట. 'ఈయన ప్రతి ఫోటోలోనూ ఉన్నాడే' అనె. ఇంగ ఆయప్ప ముఖం చూడవల్ల నువ్వు!"

వసంతకు ఫోను వచ్చింది. స్పీకరు పెట్టి మాట్లాడింది.

"వసంతమ్మా, యాడున్నావు? జల్దీ రా, ఎవరినైనా పిలుచుకోని రా. గదిలో ఒక్కరూ లేరు!"

"యాలన్నా? ఈ పొద్దు మా ఇల్లు నిమ్మళంగా ఉండాది."

"దండం పెడతా తల్లీ. నా పరువు పోతాంది ఈడ."

"గుంతలో కూర్చునే ఇంటోళ్ళకు కుర్చీ యాలన్నా?"

వసంత ఫోను ఆపి, తల్లి చేతిలోని ఓళిగ లాక్కుని తినేసింది. అంత రుచిగా ఎప్పుడూ లేదని నాతో అంది.

శివప్రసాద్‌ను ఆ సాయంత్రమే తీసేశారు. గదికీ తాళం వేశారు. తన సంచి భుజాన వేసుకుని అతను మెట్లు దిగుతుంటే వసంత నాగన్న కొట్టు దగ్గర టీ తాగుతూ చూసింది.

అంతకుముందు ఇంట్లో ఆ ఫోను మాటలన్నీ యేసురత్నం విన్నాడు కదా. ఆమె ఫోను ఆపగానే లాప్‌టాప్ మూసి లేచాడు.

"నీ పగ నువ్వు తీర్చుకో అక్కా. నా కుర్చీని యాల కాల్చినావు?"

"ఇంకొకటి వస్తాదిలేరా."

"నీకు ఇల్లన్నా ఉండాది. నాకు మళ్ళా ట్యాంకు మెట్లే కదా. అబద్ధం చెప్పి అన్నం పెట్టినావు" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మరునాడు హైదరాబాదు వాళ్ళకు తనే ఫోను చేసి, అమావాస్య సంగతి, వసంత సంగతి, తన సంగతి దాచకుండా చెప్పాడు. రోజూ ఇరవై మంది పిల్లలు తన పాఠం కోసం కాచుకుంటారనీ చెప్పాడు.

కొన్ని వారాలకు గోదాము మీది బల్లలు, కుర్చీలు లారీ ఎక్కాయి. పరీక్ష గోనెగండ్లలో, పంచాయతీ వాళ్ళిచ్చిన పాత గదిలో మళ్ళీ మొదలైంది. చూసుకునేది యేసురత్నమే.

ఈలోగా వసంత ఇంట్లో మగ్గం ఊపిరాడనివ్వడం లేదు. మాట వినబడడం లేదని కంపెనీ రెండుసార్లు హెచ్చరించింది. ఒకరోజు ఆమె గోనెగండ్ల బస్సెక్కింది. గదిలో చాలామంది ఉన్నారు. గోడవార రెండు కుర్చీలు ఖాళీ.

"ఒక కుర్చీ నాకియ్యి తమ్ముడూ. పొద్దున బస్సుకొచ్చి సాయంత్రం పోతా."

యేసురత్నం ఖాళీ కుర్చీల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"అమావాస్య నాడు రా అక్కా. ఆ పొద్దు తప్పకుండా ఇస్తా."

సంగతి తెలియని వాళ్ళు కూడా ఏదో అర్థమైనట్టు నవ్వారు. వసంత గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి ఆనుకోవడానికి గోడ కూడా లేదు.

ఇదంతా ఆమె తన ఇంట్లో, తల్లి నేస్తుండగా, మగ్గం మీదుగా అరుస్తూ చెప్పింది. వాడి మీద కోపం రాలేదా అన్నాను.

"వానిది న్యాయమే. నేను చేసింది నాకు చేసినాడు." ముందుకు వంగింది. "అది సరే గానీ పెద్దాయనా, నువ్వు ఊర్లన్నీ తిరుగుతావు కదా. గోనెగండ్లలో ఊరంతా గది దిక్కు పోని పొద్దు ఏదన్నా ఉంటాదా?"

అంతలో ఆమె ఫోను మోగింది. ఎవరో ఫ్రిజ్జు చల్లబడని మనిషి. భీమక్క చేయి ఆగలేదు.

"అవున్ సార్, రైలే" అంది వసంత, నా వైపు చూస్తూ. "గోనెగండ్ల దిక్కు పోతాంది."